గుండ్రటి పోర్టున్న బోర్డు

మార్చి 3
కంప్యూటర్ చచ్చింది. ఫ్యాన్ తిరుగుతోంది, తెర వెలగడం లేదు. మనవరాలు డబ్బా మూత విప్పి చూసి, మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బిపోయాయి అమ్మమ్మా, ఇది ఇక లేవదు అంది. పదిహేనేళ్ళు పనిచేసింది. మా ఇంట్లో ఇంకెవరూ అంతకాలం నోరెత్తకుండా పనిచేయలేదు.

మా ఆయన మాత్రం చీకటి తెర ముందు కూర్చునే ఉన్నారు.

మార్చి 4, ఉదయం 10
మతిమరుపు జబ్బు ఆయన మాటలన్నీ పట్టుకుపోయింది. మిగిలినవి వేళ్ళు. ప్రెస్సులో నలభై ఏళ్ళు కంపోజింగ్ చేసిన వేళ్ళు. పొద్దున్నే ఆ పాత కీబోర్డు ముందు కూర్చోబెడితే ఒక్క వాక్యం కొడతారు. ‘హెడ్ మిస్ట్రెస్ గారికి మనవి, కాఫీలో చక్కెర సున్నా.’ అదే ప్రెస్సులో ఆయన తప్పులు దిద్దిన ప్రూఫ్ రీడర్ని నేను. ఆ బిరుదు అప్పటిది. రెండేళ్ళుగా ఆయన నాతో మాట్లాడేది ఆ ఒక్క వాక్యమే.

మార్చి 5
ఆ కీబోర్డు తీగ చివర గుండ్రటి పిన్ను. కొత్త బోర్డుల్లో అలాంటి పోర్టు అరుదట. వేరే కీబోర్డు ఇస్తే ఆయన వేళ్ళు జారిపోతున్నాయి. అడాప్టర్ పెట్టి పాతదాన్నే మనవరాలి ల్యాప్‌టాప్‌కి తగిలించాం. అక్షరాలు రెండేసి పడ్డాయి. ఆయన చేతులు వెనక్కి తీసుకున్నారు, ఎవరిదో వస్తువు పొరపాటున ముట్టుకున్నట్టు.

మార్చి 6
కంప్యూటర్ల దుకాణానికి వెళ్ళాం. పాత ప్రాసెసర్ కొత్త బోర్డులో కూర్చోదట. ర్యామ్ కూడా మార్చాలట. ఒకటి మారిస్తే అన్నీ మార్చుకోవాలి, పెళ్ళిలాగే. గుండ్రటి పోర్టున్న బోర్డు ఒకటి చూపించాడు దుకాణం అతను. ర్యామ్ స్లాట్లు రెండే. బోర్డుని లేపే ప్రోగ్రాం, అదే బయోస్, ఏ వెర్షన్ అని అడిగితే తల గోక్కున్నాడు. వద్దన్నాను. నాలుగు స్లాట్లున్నది చూద్దామన్నాను. తాతగారు టైపు చేసుకోవడానికేగా మామ్మగారూ, అంత ఎందుకండీ అన్నాడు. ఆ మాట నచ్చక లేచి వచ్చేశాను.

మార్చి 9
ఏడు బోర్డుల వివరాలు ప్రింట్ తీయించి ఎర్ర పెన్నుతో కూర్చున్నాను. ఇదేం పరీక్ష పేపరు కాదు అమ్మమ్మా, ఏదో ఒకటి తీసుకో, తాతయ్య రోజూ వచ్చి ఉత్త బల్ల ముందు కూర్చుంటున్నాడు అంది మనవరాలు. రెండు ప్రూఫులు చూడనిదే నేను దేన్నీ అచ్చుకి వదల్లేదే అన్నాను. గొప్పగానే అన్నాను.

మార్చి 12
ఇవాళ ఆయన బల్ల దగ్గరికి రాలేదు.

మార్చి 15, సాయంత్రం 4
మొదటి రోజు వద్దన్న బోర్డే కొన్నాను. నాలుగు స్లాట్లూ గుండ్రటి పోర్టూ కలిసి ఉన్నది ఎక్కడా దొరకలేదు. దుకాణం అతను నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

మార్చి 16
మనవరాలు బిగించింది. తెర వెలిగింది. కీబోర్డు తగిలించి ఆయన్ని కూర్చోబెట్టాం. చేతులు తెచ్చి కీల మీద పెట్టాను. ఉంచారు. అంతే. కర్సర్ కొట్టుకుంటూనే ఉంది. చివరికి నా వైపు చూశారు, ప్రెస్సుకి కొత్తగా వచ్చిన మనిషిని చూసినట్టు, మర్యాదగా.

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. ఈ జబ్బులో అలవాటు తెగితే మళ్ళీ అతకడం కష్టమండీ, ఒక్కరోజు కూడా ఆపకుండా ఉండాల్సింది అంది. ఎవరు ఆపారని అడగలేదు. మంచి మనిషి.

నీ తప్పేం లేదు అమ్మమ్మా అంది మనవరాలు. ఆ వాక్యంలో తప్పుంది. దిద్దలేదు.

మార్చి 20
రోజూ కూర్చోబెడుతున్నాం. తెర తెల్లగానే ఉంది.

మార్చి 24
వరండాలో ఎండకి కూర్చున్నాం. ఆయన చెయ్యి నా అరచేతిలో ఉంది. వేళ్ళు కదిలాయి. ఒక్కొక్కటీ, తడుముకోకుండా. మాటకీ మాటకీ మధ్య స్పేస్ కొట్టే బొటనవేలు. ఒక వాక్యమంత.

ఆయన కొట్టినవన్నీ నలభై ఏళ్ళు చదివాను. ఏ వేలిది ఏ అక్షరమో ఒక్కనాడూ చూడలేదు.