తెల్లగుర్రం ముందు ఖాళీ చెయ్యి

ముప్పై ఎనిమిదేళ్లు రేసుగుర్రాలకు శిక్షణ ఇచ్చి ప్రస్తుతం మంచం పట్టిన నేను, మతి చెడకుండా, ఎవరి బలవంతమూ లేకుండా, తెలిసి తెలిసి రాయించిన వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవన్నీ రద్దు. నాకు మతి పోయిందని నా తమ్ముడు, అనగా మంత్రిగారు, కోర్టుకెక్కుతాడని తెలుసు. అందుకే డాక్టరు సర్టిఫికెట్లు జతపరిచాను. నాకొకటి, నా గుర్రానికొకటి.

1. దీన్ని అమలుపరచే బాధ్యత, మా రేసుకోర్సులో గెలుపోటములు తేల్చిన రిటైర్డు జడ్జిగారిది. ముక్కు తేడాతో గెలిచిన గుర్రాన్ని కూడా పట్టేసే కళ్లు ఆయనవి. మా తమ్ముణ్ణి పట్టుకోవడం అంతకంటే సులువు.

2. నా స్టాప్‌వాచీ, నోటుపుస్తకాలు, జీను నా కూతురికి. పదేళ్లప్పుడు తను గుర్రం మీంచి పడితే ఏడవొద్దని కసిరాను. ఏడవనివ్వాల్సింది. తప్పు నాదే తల్లీ.

3. మా అమ్మ గాజులు తమ్ముడి భార్యకు. రేసులు ఆగిపోయి గుర్రాలు పస్తులుంటే, మొగుడికి తెలియకుండా రెండు లారీల గడ్డి పంపింది. ఇప్పుడు తెలుస్తుంది. మరదలా, వాడు కేకలేస్తే నా పేరు చెప్పు. చచ్చినవాణ్ణి ఏం చేస్తాడు?

4. రేసుకోర్సు గేటు పక్కనున్న లాయం, దాని స్థలం నా స్వార్జితం. వీటి సంగతి కాస్త వివరంగా రాయాలి.

ఆ లాయంలో ఒక తెల్ల ఆడగుర్రం ఉంది. అందర్నీ కరుస్తుంది. నన్నూ రెండుసార్లు కరిచింది. తమ్ముడు మొదటిసారి ఎన్నికల్లో నిలబడి ఓట్లడగడానికి వచ్చినప్పుడు దాని ముందు చెయ్యి చాపాడు. అది తల వంచి అరచెయ్యి నాకింది. గుర్రాలతో బతికేవాళ్లం, గుర్రం నమ్మిన మనిషిని మేమూ నమ్ముతాం. వాణ్ణి నెత్తిన పెట్టుకున్నాం. పనివాళ్లు, వాళ్ల కుటుంబాలు కలిపి రెండు వందల అరవై ఓట్లు వేశాం. వాడు నెగ్గింది నూట పన్నెండు ఓట్ల తేడాతో.

తర్వాత వాడి పార్టీ గుర్రాల మీద డబ్బు కాసే పందేలు నిషేధించే బిల్లు తెచ్చింది. అసెంబ్లీలో ఒక్క ఓటు తేడాతో అది చట్టమైంది. టీవీలో చూశాను, వాడి చెయ్యి లేచింది. అదే చెయ్యి. పందేలు లేకపోతే రేసుల్లేవు. ఇన్ని కుటుంబాల నోట్లో మట్టి కొట్టాడు. గుర్రాలు ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. వాటిని చూసుకున్నవాళ్లు ఇప్పుడు అపార్టుమెంట్ల ముందు కాపలా కాస్తున్నారు. రేసుకోర్సులో షాపింగ్ కాంప్లెక్సు కడతారట. దానికి దారి నా లాయం మీదుగానే పోవాలి. స్థలం అన్నయ్య ఇచ్చేస్తాడని వాడు మీటింగులో చెప్పేశాడు కూడా.

ఓట్లడగడానికి వచ్చిన ఆ రోజు వాడు వేసుకున్న కోటు మా ఇంట్లోనే ఉండిపోయింది. నిరుడు నా కూతురు ఉతకడానికి తీస్తే, జేబులో పంచదార బిళ్లలు దొరికాయి, చీమలు తినగా మిగిలినవి.

కనుక నిబంధన ఏమనగా: నేను పోయిన పదిహేను రోజుల్లోగా తమ్ముడు లాయం గేటు దగ్గర, పాత పనివాళ్లందరి ఎదుట, సబ్బుతో చేతులు కడుక్కుని, చొక్కా మోచేతుల దాకా మడిచి, ఖాళీ అరచెయ్యి ఆ గుర్రం ముందు చాపాలి. జడ్జిగారు జేబులు తడుముతారు. గుర్రం నాకితే స్థలం వాడిది. కరిచినా, వాడు రాకపోయినా, స్థలం పనివాళ్లందరికీ ఉమ్మడిగా చెందుతుంది. గుర్రాన్ని వాళ్లే చూసుకోవాలి. పత్రికలవాళ్లను తప్పక పిలవాలి.

చట్టం ఎత్తేస్తామని అవతలి పార్టీ అంటోంది. సంతోషం. వాళ్ల జేబులు కూడా చూడండి.

నాకు డాక్టరు ఆరు వారాలిచ్చాడు. ఎన్నికలు మూడు నెలల్లో. నా జన్మలో ఇంత చక్కగా టైము కుదిరిన రేసు మరొకటి లేదు.

5. కోటు జేబులో దొరికిన పంచదార బిళ్లలు, నేను దాచిపెట్టిన సీసాతో సహా, తమ్ముడికి. చిన్నప్పుడు రేసు కనబడటం లేదని నువ్వు ఏడిస్తే, నిన్ను భుజాల మీదికి ఎత్తుకున్నానురా. ఆ బరువు ఇంకా గుర్తుంది. అందుకే ఇంత కోపం.

గుర్రానికి ఏడాదిగా తీపి పెట్టనివ్వలేదు. నిన్న గుర్రాల డాక్టరుకు దాని పళ్లు చూపించాను. ఒక్కటీ కదలట్లేదు.

తేదీ: నవంబరు తొమ్మిది

(సంతకం) మంత్రిగారి అన్నయ్య

సాక్షులు:
1. లాడాలు కొట్టే మేస్త్రి (ఆ గుర్రం మూడుసార్లు కరిచింది)
2. గుర్రాల డాక్టరు (ఒకసారి, నిన్ననే)