వేకువ ప్రార్థన మీద ఫిర్యాదు

8 సెప్టెంబర్ 1985, ఆదివారం

కొత్త నోట్‌బుక్. ఇందులో తెలుగే రాయాలని నాకు నేనే రూల్ పెట్టుకున్నాను. తెనాలి వదిలి నాలుగేళ్ళయింది. మొన్న అమ్మ అట్లకాడ తెమ్మంటే ఒక్క క్షణం అదేమిటో తట్టలేదు. భయం వేసింది. ఒక ఇంగ్లిష్ మాట లోపలికి వచ్చినప్పుడల్లా ఒక తెలుగు మాట బయటికి జారిపోతోందేమో. రెండూ కావాలి నాకు. ఒక్కటి కూడా వదలను.

సాయంత్రం ఐదింటికి చర్చికి వెళ్ళాం. బిల్డింగ్ తెల్లవాళ్ళది. పొద్దున పైహాల్లో వాళ్ళు కూడుకుంటారు, పద్నాలుగు మంది, అందరూ ముసలివాళ్ళు. ఒంటిగంటకి అదే హాల్లో కొరియన్ వాళ్ళు, రెండు వందల మంది. ఐదింటికి బేస్‌మెంట్‌లో మేము, తొమ్మిది తెలుగు కుటుంబాలు. ఇవాళ వాన. ప్రసంగం మధ్యలో జగదీష్ అంకుల్ లేచి కారే చోట బకెట్ పెట్టారు. మిగతా ప్రసంగమంతా టప్ టప్.

12 సెప్టెంబర్, గురువారం

హోమ్‌రూమ్‌లో, అంటే పొద్దున హాజరు తీసుకునే క్లాసులో, నా ముందు సీటు సుజిన్‌ది. వాళ్ళ నాన్న మిస్టర్ హాన్‌కి మెయిన్ స్ట్రీట్‌లో డ్రై క్లీనింగ్ షాపుంది. మేము న్యూజెర్సీ వచ్చినప్పుడు ఆ స్ట్రీట్‌లో సగం షాపులకి చెక్కలు కొట్టి ఉండేవి. ఇప్పుడు బేకరీ, చేపని తలతో సహా అమ్మే షాపు, కూరగాయల షాపు. అల్లం, ముల్లంగి, పచ్చిమిరపకాయలు అన్నీ అక్కడే. కొరియన్ వాళ్ళు రాకముందు పచ్చిమిరపకాయల కోసం నాన్న నలభై మైళ్ళు డ్రైవ్ చేసేవారు.

చర్చి బిల్డింగ్ చూసుకునే ట్రస్టీల్లో పెద్దావిడ మిసెస్ విట్కమ్ మాత్రం, తను పుట్టిన వీధిలో బోర్డులు తనే చదవలేకపోతున్నానని అమ్మతో అన్నారట. నేను చదవగలను. లంచ్‌లో సుజిన్ నేర్పింది. తెలుగులాగే అచ్చూ హల్లూ కలిసి ఒకే గూట్లో కూర్చుంటాయి. రెండు రోజుల్లో వచ్చేసింది. అర్థం తెలియకుండానే వీధంతా పైకి చదువుకుంటూ ఇంటికొచ్చాను.

5 అక్టోబర్, శనివారం

రాత్రి సుజిన్ వాళ్ళింట్లో పడుకున్నాను. తెల్లవారకముందే వాళ్ళ నానమ్మ లేచిన చప్పుడైంది. హల్మొనీ అంటారు, నేనూ అలాగే అంటాను. నిద్ర పట్టక, వస్తానని సైగ చేశాను. ఆవిడ తన శాలువా తీసి నాకు కప్పింది. నాలుగు బ్లాకులు నడిచాం. ఐదున్నరకి పైహాల్లో యాభై అరవై మంది. మోకాళ్ళ మీద. పాస్టర్ ఏదో ఒక్క మాట అన్నాడు, అంతే, అందరూ ఒక్కసారి, ఎవరి ప్రార్థన వాళ్ళు, పైకి. వాన మొదలైనట్టు. హల్మొనీ బెంచీని అరచేత్తో కొడుతూ ఏడుస్తూ అడిగింది. ఏమడిగిందో తెలియదు.

తెనాలిలో మా చర్చిలో నానమ్మతో వెళ్ళే శుక్రవారం వేకువ ప్రార్థన అచ్చం ఇంతే. కళ్ళు మూసుకుంటే తేడా తెలియలేదు. నాకూ ఏడుపొచ్చింది, ఎందుకో.

తర్వాత సుజిన్ చెప్పింది. అమెరికాలో హల్మొనీ ఒక్కతే వెళ్ళే చోటు అదొక్కటేనట. బస్సెక్కదు. షాపుకెళ్ళదు. ఫోన్ మోగితే ఇంకో గదిలోకి పోతుంది. కానీ రోజూ ఆ నాలుగు బ్లాకులు మాత్రం ఎవరి సాయం లేకుండా వెళ్ళొస్తుంది. ఇన్‌ఫ్లుయెంజా వచ్చిన వారం కూడా మానలేదట.

20 అక్టోబర్, ఆదివారం

కూడిక అయ్యాక దైవాశీర్వాదం అంకుల్ నన్ను పిలిచారు. మా ఫెలోషిప్‌కి ఆయనే పెద్ద. పగలు మందుల కంపెనీలో కెమిస్ట్, ఆదివారం ప్రసంగం. చర్చి ఎదురిళ్ళ వాళ్ళు టౌన్‌కి కంప్లెయింట్ ఇచ్చారట. రోజూ తెల్లారకుండా కార్లు, హెడ్‌లైట్లు, అరుపులు. జనవరిలో టౌన్ బోర్డు ముందు హియరింగ్. ట్రస్టీలు కూడా ఎదురిళ్ళ వాళ్ళ వైపేనట. బిల్డింగ్ వాడుకునే ఇంకో సంఘంగా మమ్మల్ని ఒక లెటర్ ఇమ్మన్నారు.

కొరియన్ వాళ్ళు వెళ్ళిపోతే ఒంటిగంటకి పైహాలు మనదేనని మిసెస్ విట్కమ్ మాట ఇచ్చారట. మీరు ఎంత నిశ్శబ్దంగా ఉంటారండీ అని మెచ్చుకున్నారట కూడా. బేస్‌మెంట్‌లో ఉంటే ఎవరైనా నిశ్శబ్దమే అని నళిని ఆంటీ గొణిగారు. అంకుల్ వినిపించుకోలేదు.

ఎస్సే ప్రైజ్ కొట్టింది నువ్వేగా, మన పిల్లల్లో నీ అంత ఇంగ్లిష్ ఎవరికుంది అన్నారు నాతో. నాన్న ముఖం వెలిగిపోయింది.

22 అక్టోబర్, మంగళవారం

రాశాను. నాలుగు డ్రాఫ్టులు.

నిజం రాసుకోవాలి ఇక్కడ. రాస్తున్నంతసేపూ సుజిన్ గుర్తు రాలేదు. హల్మొనీ గుర్తు రాలేదు. మాటలే. మొదట 'లౌడ్' అని రాశాను. పేలవంగా ఉంది. తీసేసి 'ఇన్సెసెంట్ వెయిలింగ్' అని పెట్టాను. పెట్టగానే వాక్యం నడుం నిటారు చేసి నిలబడింది. చర్చి కిచెన్‌లో వాళ్ళ వంటల వాసన గురించి 'పంజెంట్', ఘాటని. చివర్లో, 'ఈ పద్ధతులు ఈ నైబర్‌హుడ్ క్యారెక్టర్‌కి ఫారిన్' అని. ఆ వాక్యం పైకి చదువుకుని లేచి గదిలో రెండు రౌండ్లు తిరిగాను. అంత బాగుంది.

అమ్మ హాస్పిటల్‌లో నైట్ డ్యూటీకి వెళ్తూ తలుపు దగ్గర ఆగి విన్నది. ఆ వెయిలింగ్ అంటే ఏమిటని అడిగింది. ఆపకుండా శోకాలు పెట్టడం అని చెప్పాను. మీ నానమ్మ చేసేదానికి ఈ దేశంలో అదా పేరు అని, బూట్లు వేసుకుని వెళ్ళిపోయింది.

27 అక్టోబర్, ఆదివారం

అంకుల్ మూడుసార్లు చదివారు. ఒక్క మాట మార్చలేదు. తొమ్మిది కుటుంబాల పెద్దలూ సంతకం పెట్టారు. నా పేరు ఎక్కడా లేదు. కొంచెం బాధ పడ్డాను కూడా.

14 జనవరి 1986, మంగళవారం, రాత్రి

రాయాలని లేదు. అయినా వరసగా రాస్తాను.

టౌన్ హాల్లో హియరింగ్. ఎడమవైపు ఎదురిళ్ళ వాళ్ళు. కుడివైపు కొరియన్ వాళ్ళు, అందరూ పెళ్ళికొచ్చినట్టు సూట్లలో. మేము వెనక. సుజిన్ నన్ను చూసి చెయ్యూపింది. పక్కన వాళ్ళ అమ్మ, నాన్న. హల్మొనీని తీసుకురాలేదు.

ఎదురింటాయన నైట్ షిఫ్ట్ చేసి పడుకునే వేళకి కారు తలుపులు డబడబా పడతాయన్నాడు. అదీ నిజమే. పాస్టర్ కాగితం చూసి చదివాడు, కార్లు రెండు వీధుల అవతల ఆపిస్తాం, కిటికీలు మూస్తాం, పాటలు మానేస్తాం అని. బోర్డులో ఇద్దరు తలూపారు కూడా. అయిపోతుందనుకున్నాను.

అప్పుడు మిసెస్ విట్కమ్ లేచి, ఇది మా తెల్లవాళ్ళ మాట మాత్రమే కాదు, వీళ్ళూ ఇమిగ్రెంట్లే, వీళ్ళకీ ఇబ్బందే అంటూ మా లెటర్ చదివారు. నిదానంగా, బాగా చదివారు. నా మాటలన్నీ ఆ హాల్లో ఖంగున మోగాయి. సుజిన్ వాళ్ళ నాన్నకి చెవిలో ట్రాన్స్‌లేట్ చేస్తోంది. 'ఇన్సెసెంట్ వెయిలింగ్' దగ్గర ఆగిపోయింది. ఆయన మోచేత్తో తట్టి అడిగాడు. చెప్పలేదు.

చదవడం అయ్యాక విట్కమ్ గారు నవ్వుతూ నా వైపు చెయ్యి చాపారు. ఇంత చక్కటి ఇంగ్లిష్ రాసింది మన హైస్కూల్ అమ్మాయి దెబోరా, స్టాండప్ హనీ, అన్నారు.

నాన్న నా భుజం మీద తట్టారు. నిలబడ్డాను.

బోర్డు ఓటు వేసింది. ఆ వీధిలో ఉదయం ఏడుకి ముందు ఎలాంటి కూడికా ఉండకూడదు. కొరియన్ పాస్టర్ బోర్డుకి వంగి థాంక్యూ చెప్పాడు.

15 జనవరి

సుజిన్ సీటు మార్చుకుంది.

28 జనవరి, మంగళవారం

వేకువ ప్రార్థన లేని చోట ఉండలేమని కొరియన్ సంఘం ఖాళీ చేసింది. పద్నాలుగు మైళ్ళ దూరంలో ఏదో పాత వేర్‌హౌస్ తీసుకున్నారట. ఆదివారం సరే, కారులో వెళ్తారు. కానీ మిస్టర్ హాన్ రోజూ ఆరున్నరకి షాపు తెరవాలి. వేకువనే హల్మొనీని ఎవరు తీసుకెళ్తారు? ఈ ప్రశ్న ఎవరిని అడగాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

2 ఫిబ్రవరి, ఆదివారం

పైహాల్లో మా మొదటి ఆరాధన. నాలుగు వందల సీట్లలో ముప్పై నాలుగు మంది. నోట్లోంచి ఆవిరి వస్తోంది. పిల్లలు కోట్లు విప్పలేదు. బాయిలర్ పనిచేయట్లేదు. ఇన్నాళ్ళూ ప్రతి శనివారం మిస్టర్ హాన్ వచ్చి దాన్ని విప్పి, తుడిచి, బిగించి వెళ్ళేవాడట. ట్రస్టీలకి కూడా తెలియదు. దానంతటదే నడుస్తోందనుకున్నారు.

అంకుల్ ప్రసంగంలో ప్రభువు మనకి విశాలస్థలం ఇచ్చాడన్నారు. ఎవరూ ఆమెన్ అనలేదు. చలికి అనుకుంటా.

9 ఫిబ్రవరి, ఆదివారం

కూరగాయల షాపు ఈ నెలాఖరుకి మూసేస్తున్నారు. కొరియన్ వాళ్ళు చర్చి అయ్యాక వచ్చి వారానికి సరిపడా కొనేవాళ్ళు, అదే ఆ షాపు బేరం. ఇప్పుడు జనమంతా ఆ వేర్‌హౌస్ ఉన్న టౌన్‌లో దిగిపోతున్నారు. బేకరీ కూడా అక్కడికే వెళ్తోందట. పచ్చిమిరపకాయలు ఒకేసారి రెండు కేజీలు కొని ఫ్రీజర్‌లో పెట్టింది అమ్మ. నాతో ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

19 ఫిబ్రవరి, బుధవారం

అమ్మ డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చింది. కోటు తీయకుండా కుర్చీలో కూర్చుని, సుజిన్ నానమ్మని మా వార్డుకి తెచ్చారు అంది.

ఏడింటికి చర్చిలో నడిచే పిల్లల డేకేర్ తెరవడానికి వచ్చిన మిసెస్ విట్కమ్ చూశారట. చర్చి మెట్ల కింద, మంచులో. జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఎంతసేపు అలా పడి ఉందో ఎవరికీ తెలియదు. కుడిచేతి వేళ్ళు రెండు నల్లబడ్డాయి. ఊపిరితిత్తుల్లో నీరు.

అక్కడికి ఎందుకెళ్ళింది, చర్చి లేదు కదా అని అడిగాను. అమ్మకీ తెలియదు.

23 ఫిబ్రవరి, ఆదివారం

కూడికకి వెళ్ళలేదు. హాస్పిటల్‌కి వెళ్ళాను. కారిడార్‌లో సుజిన్. నలభై రోజుల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది. గోడని చూస్తూ.

ఉత్తరం సంగతీ బోర్డు సంగతీ హల్మొనీకి ఎవరూ చెప్పలేదట. ఆ వయసులో, నీ ప్రార్థన వినలేక తరిమేశారు అని ఎలా చెప్తారు. బాయిలర్ పాడైంది, బాగు చేసేదాకా తలుపు మూసి ఉంటుంది అని చెప్పారట. ఆవిడ నమ్మింది. బాగైందేమో చూద్దామని రోజూ వేకువన లేచి వెళ్ళింది. ఇంట్లో వాళ్ళు లేచేలోపు తిరిగొచ్చేది. మూడు వారాలు. మంచులో, రోజూ, తలుపు లాగి చూసి.

మా ఇంట్లో అయినా అంతే చేసేవాళ్ళం. నానమ్మకి ఆ మాట చెప్పేవాళ్ళం కాదు. అబద్ధమే చెప్పేవాళ్ళం.

నేను సారీ అన్నాను. అంత చిన్న మాట.

సుజిన్ అప్పుడు నా వైపు తిరిగింది. "నాకెందుకు చెప్తావ్? లోపలికెళ్ళి ఆవిడకి చెప్పు. నీకు మాటలు బాగా వచ్చు కదా."

లోపలికి వెళ్ళలేదు. బస్సెక్కి ఇంటికొచ్చేశాను.

2 మార్చి, ఆదివారం

పైహాలు అద్దె కొరియన్ వాళ్ళు ఇచ్చినంతా మమ్మల్నే ఇమ్మంటున్నారు ట్రస్టీలు. లేదంటే బిల్డింగ్ అమ్మేస్తారట. తొమ్మిది కుటుంబాల వల్ల ఎక్కడవుతుంది. మళ్ళీ ఒక లెటర్ రాయాలి అన్నారు అంకుల్, కాస్త మనసు కరిగేలా. సరే అన్నాను. నోరు అలవాటుగా అనేసింది.

లైబ్రరీలో కొరియన్ డిక్షనరీ ఉంది. మూడు రోజులుగా ఒక్క వాక్యం కట్టాలని చూస్తున్నాను. నేను రాశాను. నా వల్ల. విడివిడిగా మాటలు దొరుకుతున్నాయి. పక్కపక్కన పెడితే కలవట్లేదు. ఈరోజు ఒక్కొక్కటీ కొట్టేశాను.

4 మార్చి, మంగళవారం

హల్మొనీకి జ్వరం దిగట్లేదని అమ్మ చెప్పింది. ఈ వారం తనది పగటి డ్యూటీ, రేపు పొద్దున వెళ్తూ నన్ను తీసుకెళ్తానంది. నేను అడగలేదు.

5 మార్చి, ఉదయం 6:50, హాస్పిటల్ క్యాంటీన్

ఆవిడ మెలకువగానే ఉంది. చేతికి కట్టు. ఏ భాషా రాలేదు. కళ్ళు మూసుకుని తెలుగులో చెప్పేశాను. ఉత్తరం, విట్కమ్ గారు, నేను నిలబడటం, అన్నీ, ప్రార్థనలో చెప్పుకున్నట్టు, పైకి.

ఆగగానే హల్మొనీ ఆమెన్ అంది.

ఒక్క ముక్క అర్థం కాలేదని నాకు తెలుసు. దాన్ని క్షమాపణ అనుకోకూడదని కూడా తెలుసు.

తర్వాత ఆవిడ మొదలుపెట్టింది. చిన్నగా, దగ్గు మధ్య, చాలాసేపు. నా పేరు రెండుసార్లు వినబడింది. ఆపాక నేను ఆమెన్ అన్నాను. నా గురించి ఏమడిగిందో తెలియదు.