ఒకే ముహూర్తంలో పుట్టిన తాళాలు

ఫిబ్రవరి 14, బుధవారం

సిరిసిల్లలో ఆసామి ఓంప్రకాశ్ గారి సాంచాల షెడ్డు. మరమగ్గాలను ఇక్కడ సాంచాలంటారు, వాటి ఓనర్‌ను ఆసామి అంటారు. పనివాళ్ల పెట్టెలకూ, ఆసామి పెట్టెకూ మా కంపెనీ స్మార్ట్ లాకులు బిగించాం. ఫోన్‌తో తెరుచుకుంటాయి. ఒక్కొక్కటే ఆన్ చేద్దామంటే ఆసామి ఒప్పుకోలేదు, ముహూర్తం దాటితే ఎట్ల అన్నాడు. కొబ్బరికాయ కొట్టి మెయిన్ స్విచ్ వేశాడు. అన్ని లాకులూ ఒక్కసారే పచ్చగా వెలిగాయి. చూడ్డానికి బాగుంది.

మార్చి 4, సోమవారం

సాంచె నడిపే నర్మద పెట్టెలోంచి బంగారు గొలుసు పోయింది. సాంచెలో చిక్కుతుందని రోజూ తీసి అందులో పెడుతుందట. ఎవరు ఎప్పుడు తెరిచారో రాసే లాగ్‌లో, గొలుసు పోయిన ఆ గంట వరకే చూస్తే, తెరిచింది తోటి పనివాడు కైలాసం అని వచ్చింది. ఆసామి అప్పటికప్పుడే ఆయన్ని పనిలోంచి తీసేశాడు. మా కంపెనీ నడిపే సుధాకర్ సార్‌కు మాత్రం పండగే. మన లాక్ దొంగను పట్టిందని స్టేటస్ పెట్టుకున్నాడు.

మార్చి 5

పొద్దున పదకొండుకు కైలాసం కరీంనగర్ వచ్చాడు, మా ఆఫీసుకే. నా ఫోనే నాకు సక్కగ రాదు బిడ్డా, మందిది నేనెట్ల తీస్త అన్నాడు. ఆయన భార్యతో వాడకట్టులో ఎవ్వలు మాట్లాడ్తలేరట. కంప్యూటర్ అబద్ధమాడదని చెప్పి సార్ లోపలికి పోయాడు. నేను చాయ్ ఇచ్చాను. తాగలేదు. మధ్యాహ్నం దాకా అట్లాగే కూర్చున్నాడు.

మార్చి 6

మొత్తం లాగ్ తెరిచాను. అన్ని పెట్టెలూ, అన్ని రోజులూ, తీసింది కైలాసమే. నిన్న మా ఆఫీసులో చాయ్ ముందు కూర్చున్నప్పుడు కూడా సిరిసిల్లలో పెట్టెలు తీస్తూనే ఉన్నాడు. ముందు నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది.

సంగతి ఇది. లాక్ మొదటిసారి ఆన్ అయినప్పుడు ఎవరూ ఊహించలేని రహస్య నంబర్ ఒకటి పుట్టించుకోవాలి. ఆ పెట్టె ఎవరిదో వాళ్ల ఫోన్‌కు ఆ నంబరే తాళంచెవి. మా కోడ్ ఆ నంబర్‌ను గడియారం చూసి పుట్టిస్తుంది. ఆఫీసులో ఒక్కోటి ఆన్ చేసి టెస్ట్ చేశాం కాబట్టి వేర్వేరు నంబర్లు వచ్చాయి. అక్కడ అన్నీ ఒకే క్షణాన పుట్టాయి. అందరిదీ ఒకే జాతకం. ఎవరి ఫోన్‌తోనైనా ఎవరి పెట్టెయినా తెరుచుకుంటుంది. ఎవరు తీసినా లాగ్ ఆ నంబర్ ఉన్న మొదటి పేరే రాస్తుంది. లిస్టులో మొదటి పేరు కైలాసం.

మార్చి 7

సార్‌కు చెప్పాను. గప్‌చుప్‌గా అప్‌డేట్ పంపుదాం, బయటపడితే మునుగుతాం అన్నాడు. మరి కైలాసం సంగతేంది అంటే, జర ఆగు ఇఖ్రా అన్నాడు. ఒళ్లు మండింది.

మార్చి 9, శనివారం

లీవ్ పెట్టి సిరిసిల్ల పోయాను. అందరి ముందూ నర్మద ఫోన్ తీసుకొని కైలాసం పెట్టె తెరిచాను. తర్వాత ఆసామి పెట్టె తెరిచాను. సాంచాలు ఆపేశారు. నర్మద కూలబడి ఏడ్చింది. గొలుసు పోయిన రోజు కైలాసాన్ని వాడకట్టంతా వినేటట్టు తిట్టిందట. గొలుసు ఎవరు తీశారో ఆ లాగ్‌తో ఇక తేలదు.

మార్చి 13

సార్ నాతో మాట్లాడటం లేదు.

మార్చి 18

కొత్త కోడ్ వేశాం. అది గడియారం చూడదు, ఏ లాక్ నంబర్ దానిదే. కైలాసం పనిలోకి వచ్చాడు. ఒక్కటే అడిగాడు, నా పేరు ముందల పెట్టకు బిడ్డా అని. ఇప్పుడు ముందున్నా ఏం కాదని చెప్పాను. వినలేదు. ఆయన పేరు లిస్టులో అన్నిటికన్నా కిందికి జరిపాను.

మొదట ఎవరిదో ఒకరి పేరు ఉండాలి. నాది పెట్టాను.