ఎడమ తలుపు రంగు

సీతారాండేరా, జంషెడ్‌పూర్
ఫిబ్రవరి 1981

అక్కా,

నీకు వచ్చే ఉత్తరాలు బావగారే ముందు విప్పుతారు కాబట్టి దీన్ని నువ్వు పాఠాలు చెప్పే స్కూలు అడ్రసుకు పంపుతున్నాను.

ఆయన నాకు అమ్మిన ఫియట్ బాగానే నడుస్తోంది. దానికి ఎప్పుడూ దెబ్బ తగల్లేదని, నేను అడగకుండానే రెండుసార్లు చెప్పారు.

మొన్న సాయంత్రం ఇక్కడి ఉక్కు కార్ఖానా వాళ్లు స్లాగ్, అంటే ఇనుము కరిగించాక మిగిలే మండుతున్న మడ్డి, పారబోశారు. ఆకాశమంతా ఎర్రబడింది. ఆ వెలుగులో ముందు ఎడమ తలుపు ఒక్కటే బూడిద రంగులో కనబడింది. పొద్దున చూస్తే మళ్లీ కారంతా ఒకటే నీలం.

ఆదిత్యపూర్‌లో కార్లకు రంగులు వేసే చిన్నబాబుకు చూపించాను.

"డోరు మార్చినారండి. రంగు బాగానే కలిపినాడు గానీ డబ్బా ఏరు. ఎండలో ఒకేలాగుంటాది, స్లాగ్ ఎలుగులో దొరికిపోతాది" అన్నాడు.

మీ విశాఖలో ఆ వెలుగు లేదు. అందుకే అక్కడ ఎవరికీ తెలియలేదు.

దెబ్బ తిన్న కారు అంటగట్టారని నాకు కోపం లేదు. కానీ ఆ కారు మీ దగ్గర ఉన్నన్నాళ్లూ ఆ తలుపు పక్కన కూర్చున్నది నువ్వే. దసరాలప్పుడు నూతి దగ్గర జారిపడి ఎడమ చెయ్యి విరిగిందని రాశావు. దస్తూరీ నీదే, మాటలు మాత్రం ఆయనవిలా ఉన్నాయి. ఆయన తాగి కారు నడపడం నేనూ చూశాను.

జవాబు ఇంట్లో కూర్చుని రాయకు. జారిపడ్డాననే మళ్లీ రాస్తే, ఆ కారులోనే బయలుదేరి వస్తాను. ఎడమ పక్క సీటు నీకోసం ఖాళీగా ఉంచి వస్తాను.

నీ తమ్ముడు