ఇక్కడ ఓనరెవరు బాపు?

బాపు,

నేను డ్యూటీకి పోతున్న. ఇయ్యాల రాత్రికి ఎల్బీనగర్ కిరాయింట్లనే పండుకొని రేపు పొద్దుగాల మన కొత్తింటికి వస్త. ఇయ్యాల రాత్రి ఏడింటికి చర్చి నుంచి క్యారల్స్ వాళ్లొస్తరు. అమ్మ గూడ వాళ్లతోనే పాడుకుంట వస్తది, అందుకే చాయ్ నువ్వే పెట్టాలె. పాలు ఫ్రిజ్‌ల ఉన్నయి. ముప్పై మంది ఉంటరు. వాకిట్ల నిలబెట్టి పంపకు, అందరిని హాల్లకు పిలువు. పడతరు, నేను కొలిచి చూసిన.

నువ్వు కందుకూరు పనికి పోయినంక క్రిస్మస్ స్టార్ చూసిన. కిటికీ ఊచలకు తాడుతోని కట్టినవ్. ముందు నవ్వొచ్చింది, తర్వాత మస్తు కోపమొచ్చింది. గోడకు మేకు కొడితే ఓనరమ్మ ఊకోదని ఎల్బీనగర్ల పదకొండేండ్లు గట్లనే కట్టినం. ఇక్కడ ఓనరెవరు బాపు? ఊర్లందరి ఇండ్లు కట్టిన మేస్త్రివి. ఈ గోడకు ప్రతి ఇటుక నీ చేతులతోనే పెట్టినవ్. గీ గోడకు మేకు కొట్టనీకె నీకు భయమా?

తాడు విప్పేసిన. తలుపు పైన గోడకు మేకు నేనే కొట్టి స్టార్ ఏలాడదీసిన. చీకటి పడంగనే స్విచ్ వెయ్యి. ఇబ్రహీంపట్నం సడక్ మీద పోయేటోళ్లకు కనబడాలె.

మేకు దగ్గర జర పెచ్చు ఊడింది. సిమెంట్ పెట్టి పూడ్చకు, గట్లనే ఉండనీ.

హెప్సిబా

అమ్మకు బైబిల్ వాక్యాల క్యాలెండర్ తగిలియ్యనీకె ఇంకో మేకు కావాలంట. సుత్తె, మేకు టేబుల్ మీదనే పెట్టిన. ఆ మేకు నువ్వే కొట్టాలె.