తిరునాళ్ల సినిమా

సత్తెనపల్లి,
మార్చి 2003

ఖలీలన్నకు సలాం.

ఈ వారమంతా సినిమా ఛానల్లో తిరునాళ్ల కథలున్న పాత సినిమాలు వేస్తున్నారు. మన అద్దంకి దగ్గర తీసిన సినిమా గురువారం మధ్యాహ్నం వస్తుంది. అందులో అమ్మ గాజులమ్ముతూ కనబడుతుందని, చిన్నప్పుడు డేరా హాల్లో చూసొచ్చి నువ్వేగా చెప్పావు.

ఆ పూట ఛానల్ ఆపి తన సీడీ వేయొద్దని కేబుల్ అతన్ని రోజూ బతిమాలుతున్నాను. కరెంటు పోతుందేమోనని జనరేటరున్న ఎదురింటివాళ్లనీ అడిగిపెట్టాను. ఇంత చేస్తే, మిరపకాయలు కల్లంలో ఉన్నాయి, రాలేనని కబురు పెడతావా? కాయల్ని ఒక్కపూట వదినకు అప్పజెప్పి రా.

తాత ఇంట్లో ఒక్క ఫోటో కూడా ఉండనివ్వలేదు. అమ్మ పోయేనాటికి నేను చంటిపిల్లని. తిరునాళ్లలో గాజులమ్మేవాళ్లు చాలామంది ఉంటారు. నువ్వు పక్కన లేకపోతే, వాళ్లలో ఎవర్ని అమ్మ అనుకోవాలన్నా?

నీ చెల్లెలు