కదిలేది బెల్టు

అన్నయ్యా,

పోయినవారం "రోలర్లకి గ్రీజు రాసుకునేవాడివి, నీకేం తెలుసు" అని ఫోన్ పెట్టేశాను కదా, ముందు అందుకు నాకు నాలుగు చీవాట్లు పెట్టు.

నాడీకణం లోపలి సన్నటి కడ్డీల మీద మోటారు ప్రోటీన్లు సరుకు మోస్తూ నడుస్తాయని చెప్పానే! మరి కడ్డీలే కదులుతున్నాయేంటని ఆరునెలలు బుర్ర బద్దలుకొట్టుకున్నాను. నువ్వేమో మీ విమానాశ్రయం సామాన్ల బెల్టు సంగతెత్తి, "రోలర్లు ఉన్నచోటే తిరుగుతాయే, కదిలేది బెల్టు" అన్నావు.

ఈరోజు కళ్లారా చూశాను! కొన్ని మోటార్లు కణం అంచుకి అతుక్కుని, ఉన్నచోటే అడుగులేస్తూ, కణం పొడుగాటి తోకలోకి తలకిందులుగా దూరిన కడ్డీల్ని వెనక్కి నెట్టేస్తున్నాయి. ల్యాబు అదిరిపోయేలా కేకేశాను.

రాస్తున్న పరిశోధన వ్యాసం చివర కృతజ్ఞతల్లో అప్పుడే నీ పేరు పెట్టాను. "ఈయనది ఏ యూనివర్సిటీ?" అనడిగారు మా ల్యాబు మేడమ్. సామాన్ల హాలు అన్నాను.

ఆవిడ నవ్వలేదు. అదే రాయమన్నారు.

నీ చెల్లి